దీపం ముందు చూసిన ఎరుపు

మంజిష్ఠ రాజ్యానికి ఉత్తరాన పెట్టని గోడలా నిలిచిన కొండల వరుసకు ఇవతల వాన, అవతల ఎండ. కనుమ తల మీద ఆగిన ముగ్గురు బాటసారుల వీపుల మీద ఇంకా చినుకులు పడుతున్నాయి, ముఖాలకు అప్పుడే వేడి తగులుతోంది.

ముందు నిలబడినది రాకుమారి నాగాంబిక. గాజులమ్మే స్త్రీ వేషంలో ఉంది. ముతక చీర మడతల్లో చిన్న కత్తి, రవిక లోపల ఛాతీకి చుట్టుకుని రాజ్యపు ఎర్రజెండా ఒకటి దాచింది. ఆమె వెనక గాజుల మలారం భుజాన వేసుకున్నవాడు గురవడు, ఆమె అంగరక్షకుడు. పోట్లాటకైనా పరాచికానికైనా తొందరపడే మనిషి. అందరికన్నా వెనక తిప్పన. రాజుగారి రంగులశాలకు అతనే పెద్ద. గాజుపెంకు గీసుకుందని చెప్పి వేళ్లన్నింటికీ గుడ్డపేలికలు చుట్టుకున్నాడు.

"అన్ని వేళ్లూ ఒకేసారి కోసుకున్న మొనగాణ్ణి నిన్నే చూశానయ్యా," అని గురవడు దారి పొడుగునా వేళాకోళం చేస్తూనే ఉన్నాడు. తిప్పన నవ్వి ఊరుకుంటున్నాడు. ఆ పేలికల కింద ఏముందో అతనికొక్కడికే తెలుసు.

కింద లోయలో కాచకేతుడి కోట మెరుస్తోంది. మాంత్రికుడు ఇసుకను కరిగించి కట్టుకున్న కోట అది. గోడలు గాజు, బురుజులు గాజు, బురుజుల మీద వాలి పురివిప్పిన నెమళ్లు కూడా గాజే. పొద్దుటి కిరణం ఒక్కటి తూర్పు బురుజులో దూరితే గోడ నుంచి గోడకు, మేడ నుంచి మేడకు పరుగెత్తి, కోటంతా తేనె నింపిన గిన్నెలా వెలుగుతుంది. కందకంలో నీళ్లకు బదులు గాజు పూసలు అలలు అలలుగా కదులుతుంటాయి. నడిమి గోపురం మీద ఏనుగంత స్ఫటికం, మూడు పలకలది. ఎండ దానిలోకి తెల్లగా వెళ్లి రంగులుగా విడిపోయి బయటికి వస్తోంది. కోటకున్న ఒకే ఒక్క ఇరుకుదారి మీద ఆ రంగులు చారలు చారలుగా పడుతున్నాయి.

ఆ కోటలో నాగాంబిక తమ్ముడు, యువరాజు జయకీర్తి, బందీగా ఉన్నాడు. అతను పట్టుబడింది యుద్ధంలో కాదు. సొంత కోట ద్వారం ముందు.

కాచకేతుడు మనిషి ముఖాన్ని అచ్చు తీయగలడు. గొంతును, అది దాచుకున్న మాటలతో సహా దొంగిలించగలడు. అందుకని మంజిష్ఠ రాజ్యపు కోట ద్వారం ముఖం చూసి తెరుచుకోదు, గొంతు విని తెరుచుకోదు. రంగు చూసి తెరుచుకుంటుంది. మంజిష్ఠ వేరుతో అద్దిన వాళ్ల ఎరుపులో నిప్పుఛాయ ఉంటుంది. శత్రువు జెండాలది లక్క ఎరుపు. దానిలో ఊదా దాగి ఉంటుంది. రంగులశాలలో ప్రతి కొత్త జెండానూ పెద్దల నాటి మూలవస్త్రం పక్కన పరిచి, మిట్టమధ్యాహ్నపు ఎండలో చూసి, సరే అన్నాకే గడప దాటించాలి. అది తరాల కట్టుబాటు.

ఈ వానాకాలం మంజిష్ఠ వేరు అడుగంటింది. ఎండ కనబడనే లేదు. సరిహద్దుకు బయల్దేరుతున్న యువరాజు తన జెండా కోసం, మీద వేసుకునే ఉత్తరీయం కోసం తొందరపెట్టాడు. తిప్పన కాగులో చాలని వేరుకు బదులు లక్క కలిపాడు. బట్ట ఆరాక ఆముదపు దీపం ముందు మూలవస్త్రం పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే. వెంట్రుకవాసి తేడా లేదు. దీపపు వెలుగులో నీలం పాలు బహు తక్కువనీ, అందువల్ల లక్కలోని ఊదా దాని ముందు బయటపడదనీ రంగులశాలలో పెరిగిన వాళ్లందరికీ తెలుసు. తిప్పనకూ తెలుసు. ఎండ వచ్చాక ఒకసారి చూద్దామనుకున్నాడు. ఎండ రాకముందే గుర్రాలు కదిలాయి.

యువరాజు తిరిగి వచ్చిన పూట మబ్బుల సందున కాసేపు ఎండ వచ్చింది. వెనక శత్రువులు తరుముతుండగా అతను ద్వారం ముందు నిలబడి జెండా ఎత్తాడు. పైనుంచి చూసిన ద్వారపాలకుడు భీమరాజుకు ఆ ఎరుపులో ఊదా కనిపించింది. మన ఎరుపు కాదు అన్నాడు. తలుపు తీయించలేదు. గోడ మీదివాళ్లు చూస్తుండగానే యువరాజును ఎత్తుకుపోయారు. జెండా మాత్రం బురదలో మిగిలింది.

ఆ సాయంత్రం మళ్లీ వాన. సభలో దీపాలు వెలిగించి జెండానూ మూలవస్త్రాన్నీ పక్కపక్కన పరిచారు. రెండూ ఒకటే ఎరుపు. సభ అంతా భీమరాజు వైపు తిరిగింది. ఆ ముసలాయన బెదరలేదు. తిప్పనను చూసి, "నువ్వు చెప్పు నాయనా. నీ మాట ఎండతో సమానం," అన్నాడు.

తిప్పన రెండు గుడ్డలనూ చూశాడు. రెండూ ఒకటేనన్నాడు. కళ్ల ముందు ఉన్నదే చెప్పాడు. అబద్ధం కాకపోవడం వల్లనే ఆ మాటను వెనక్కి తీసుకునే దారి అతనికి దొరకలేదు. ద్రోహపు మరక పడిందని జెండాను ఆ పూటే కాల్చేశారు. భీమరాజు కళ్లు తీయించాలని తీర్పు వచ్చింది. అదీ మబ్బులేని మొదటి మధ్యాహ్నం, అదే ద్వారం మీద. కళ్లు పోయేవాడికి చివరిసారిగా నిండు ఎండ చూపించాలని ఆ దేశపు ఆచారం.

అప్పటినుంచి తిప్పన వాన ఆగకూడదని మొక్కుకుంటున్నాడు. తమ్ముణ్ణి వెతకడానికి నాగాంబిక బయల్దేరినప్పుడు ఎవరూ పిలవకుండానే వెంట వచ్చాడు. అది స్వామిభక్తి అని ఆమె అనుకుంది.

గుర్రాలను కనుమ పైన కట్టేసి ముగ్గురూ లోయలోకి దిగారు. ఇరుకుదారికి రెండు వైపులా నిలువుబండలు, వాటి నీడతో దారంతా చీకటి. ఆ చీకటిలో నేల పొడుగునా రంగుల చారలు పరుచుకుని ఉన్నాయి. ఎడమ చివర ఎరుపు, ఆ తర్వాత నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, కుడి చివర ఊదా. వాటిలో అడుగుపెట్టిన వాడు గూట్లో దీపంలా బురుజుల మీది కావలివాళ్లకు కనిపిస్తాడు. ఎరుపుకు అవతల బండను ఆనుకుని ఒక పట్టీ, ఊదాకు అవతల బండను ఆనుకుని మరొక పట్టీ చీకటిగా మిగిలాయి.

"చీకటుండగా వెలుగులో నడిచే పిచ్చోళ్లెవరు," అని గురవడు ఎడమ చీకట్లోకి దిగాడు.

అతని కేక బండలకు తగిలి తిరిగి వచ్చింది. నిప్పు లేదు, పొగ లేదు, వెలుగు లేదు. కానీ అతని మీసం ముడుచుకుపోయింది. మలారంలోని లక్కగాజులు కరిగి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇద్దరూ కాళ్లు పట్టి ఇవతలికి లాగేసరికి భుజం నుంచి మోచేతి దాకా చర్మం బొబ్బలెక్కింది. వెలుగే లేని చోట తనను ఏం కాల్చిందని మూలుగుతూ అడిగాడు.

తిప్పన వంగి అరచేతిని ఎర్రచార మీద పెట్టాడు. వెచ్చగా ఉంది. మెల్లగా ఎడమకు జరిపాడు. ఎరుపు అయిపోయిన చోట వేడి తగ్గకపోగా ఎక్కువైంది. చటుక్కున చెయ్యి తీసుకున్నాడు. ఎరుపు దగ్గర ఎండ అయిపోవడం లేదు, కంటికి కనపడటం ఒక్కటే ఆగిపోతోంది.

గురవడు ఇక నడవలేడు. గుర్రాల దగ్గరికి పాక్కుంటూ వెళ్తానన్నాడు. మిగిలినవాళ్లు కుడివైపుకు వచ్చారు. ఆ పట్టీ చేతికి చల్లగా ఉంది. నాగాంబిక అడుగు వేయబోతూ చెయ్యి చాపింది. ఆమె మణికట్టుకు తమ్ముడి క్షేమం కోరి కట్టుకున్న పసుపుతాడు ఉంది. ఊదా దాటి చీకట్లోకి వెళ్లగానే ఆ తాడు మిణుగురులా వెలిగింది.

తిప్పన ఆమె భుజం పట్టి వెనక్కి లాగాడు. అదే సమయానికి చీకటి పట్టీలోంచి ఒక నక్క బండను ఒరుసుకుంటూ బయటికి వచ్చింది. దాని కళ్లు పాలలా తెల్లబడి ఉన్నాయి. వాళ్ల కాళ్లకు తగిలి, భయపడి, మళ్లీ బండకే గుద్దుకుంది.

ఇక్కడా కనపడని వెలుగు ఉందని తిప్పన చెప్పాడు. మనకు కనపడటం లేదు గానీ పసుపుకు తెలుస్తోంది. ఎండలో ఆరేసిన పసుపు బట్టను ఒక్క పూటలో వెలవెలబోయేట్టు చేసేది ఇదే అయి ఉండాలి. ఒంటికి చల్లగా ఉంటుంది, కళ్లను తినేస్తుంది. అతను భుజాన ఉన్న గొంగడి విప్పి ఇద్దరి తలల మీదా నేలను తాకేలా కప్పాడు. ఒక చెయ్యి బండకు ఆనించి అతను ముందు నడిచాడు. రాకుమారి అతని మణికట్టు పట్టుకుని వెనక నడిచింది.

గొంగడిలో తడిసిన ఉన్ని వాసన. కళ్లు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

"నాకు ఈత నేర్పింది భీమరాజే," అంది నాగాంబిక కాసేపటికి. "ఆయన కళ్లు తీసేప్పుడు నేను అక్కడే నిలబడతాను. జాలిపడకూడదని ఇప్పటినుంచే మనసు గట్టి చేసుకుంటున్నా."

తిప్పన కాలికి రాయి తగిలింది. సర్దుకున్నాడు. "పొరపాటు జరిగి ఉండొచ్చు కదమ్మా."

"ఎవరి వల్ల?"

చీకట్లో ఆమె ముఖం కనపడదు. తన ముఖం ఆమెకు కనపడదు. చెప్పడానికి ఇంతకన్నా సులువైన చోటు భూమ్మీద దొరకదని అతనికి తెలుసు.

"భీమరాజుగారి వల్లే," అన్నాడు.

ఆమె అతని మణికట్టును నమ్మకంగా పట్టుకునే ఉంది.

కోట ద్వారం దగ్గర వాళ్లను ఎవరూ ఆపలేదు. అదే అనుమానించవలసిన సంగతి. దీపాల మండపంలో కాచకేతుడు నేల మీద కూర్చుని గాజుపలకను ఇసుకతో రుద్దుతున్నాడు. పలచని గడ్డం, నడుముకు తోలు ముక్క, ఎవరో పెద్దింటి తాతలా ఉన్నాడు. తలెత్తకుండానే, "రా తల్లీ. గాజుల బేరానికి రాచబిడ్డ ఇంత దూరం నడవాలా? కబురంపితే నేనే మనిషిని పంపేవాణ్ణి," అన్నాడు.

నాగాంబిక కత్తి మీద చెయ్యి వేసింది. అతను నవ్వి తెర తొలగించాడు. తెర వెనక ఇద్దరు జయకీర్తులు నిలబడి ఉన్నారు. ఒకే ముఖం, ఒకే ఒడ్డూపొడుగూ. ఇద్దరి భుజాల మీదా ఎర్రని ఉత్తరీయాలు, అంచున మహారాణి చేత్తో కుట్టినట్టున్న జరీ హంసలు. దీపాల వెలుగులో రెండు ఎరుపులూ ఒకటే.

కాచకేతుడు పందెం వివరించాడు. ఇద్దరిలో ఒకణ్ణి ఎంచుకుని తీసుకుపోవచ్చు. రెండోవాడు ఇక్కడే ఉంటాడు. కనుమ దాటేదాకా తన మనుషులు అడ్డురారు. ఇంత దయ ఎందుకని ఆమె అడిగితే, ముసలితనంలో తనతో ఆడేవాళ్లు లేరన్నాడు.

మొదటివాడు అడుగు ముందుకు వేశాడు. "అక్కా, నన్ను గుర్తుపట్టలేదా? మామిడికొమ్మ మీదనుంచి నువ్వే తోసి, నేనే జారిపడ్డానని అమ్మకు చెప్పావు. నేను ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు," అన్నాడు. అది జయకీర్తి గొంతే. రెండోవాడి పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

నాగాంబిక కళ్లు చెమ్మగిల్లాయి గానీ ఆమె రాచబిడ్డ. గొంతును నమ్మనంది. ఇద్దరినీ ఎండలోకి తీసుకురమ్మంది. మాంత్రికుడు వెంటనే ఒప్పుకున్నాడు. మరీ వెంటనే ఒప్పుకున్నాడు.

ముంగిట్లో గాజు నేల మీద ఎండ కణకణలాడుతోంది. మాట్లాడిన వాడు ఎండలోకి రాగానే అతని ఉత్తరీయం నిప్పులా భగ్గుమంది. అచ్చమైన మంజిష్ఠ. ఎప్పటి యుద్ధంలోనో శత్రువుకు చిక్కిన పాత జెండా గుడ్డ అయి ఉంటుంది. తిప్పన తాతగారి కాగులోది. మాట్లాడలేని వాడి ఉత్తరీయం ఎండ తగిలేకొద్దీ మారిపోయింది. దెబ్బతిన్న చర్మం కింద కమిలిన రక్తంలా ఊదా పైకి తేలింది.

నాగాంబిక ముఖం విప్పారింది. నిప్పు ఎరుపు దగ్గరికి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది. "పద తమ్ముడూ, ఇంటికి పోదాం."

వాడు వెళ్తే, ఆ ఉత్తరీయం చూసి కోట తలుపులు తెరుచుకుంటాయి. వాడి వెనకే కాచకేతుడు లోపలికి నడుస్తాడు. తిప్పనకు ఇదంతా అర్థమైంది. కానీ అంతకుముందే ఇంకొకటి అర్థమైంది. ఆ కాగులో అద్దిన బట్టల్లో మిగిలింది ఈ ఊదా ఉత్తరీయం ఒక్కటే, అది ఈ కోటలోనే ఉండిపోతుంది. అతనికి మొదట కలిగినది ఊరట. ఊపిరి ఒకసారి లోపలికి వెళ్లి బయటికి వచ్చేంతసేపు ఉంది. ఆ తర్వాత బతికినంతకాలం తిప్పన తన తప్పును తలుచుకున్నప్పుడల్లా గుర్తొచ్చింది జెండా కాదు, ఆ ఊరట.

"అమ్మా, అతను కాదు," అన్నాడు.

నాగాంబిక వెనక్కి తిరిగింది.

"రంగు సరిగ్గా ఉన్నవాడు మీ తమ్ముడు కాదమ్మా. తప్పుగా ఉన్నవాడే మీ తమ్ముడు. ఆ తప్పు నాది." వేళ్లకు చుట్టిన పేలికలు ఒక్కొక్కటే లాగి పారేశాడు. గోళ్లలోకి లక్క ఇంకిపోయి ఉంది. మాట్లాడలేని వాడి దగ్గరికి వెళ్లి ఉత్తరీయం చెంగును ఎండలోకి పట్టి, దాని మీద తన చెయ్యి పెట్టాడు. గుడ్డా గోళ్లూ ఒకే ఊదా. దీపం ముందు చూసి పంపేశానన్నాడు. భీమరాజు సరిగ్గానే చూశాడన్నాడు.

నాగాంబిక ఆ చేతిని చాలాసేపు చూసింది.

"సభలో నిన్ను అడిగిన రోజున కూడా నీ గోళ్లు ఇలాగే ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా. చేతులు వెనక్కి పెట్టుకున్నాను."

నిప్పు ఎరుపువాడు "అక్కా" అంటూ నవ్వబోయాడు. ఆమె కత్తి వాడి గుండెలో దిగింది. రక్తం రాలేదు. గంట పగిలిన చప్పుడైంది. వాడు నిలువునా చిట్లి గాజుముక్కలై నేల మీద రాలిపోయాడు. దొంగిలించిన గొంతు గాలిలో ఒకసారి తడబడి తన చోటు వెతుక్కుంది. ఊదా ఉత్తరీయంలో ఉన్న యువరాజు దగ్గుతూ మోకాళ్ల మీద కూలి, బొంగురుగా, "నన్ను నువ్వే తోశావు, నిజమే," అన్నాడు.

కాచకేతుడి ముఖంలో తాత లేడు. చెయ్యి ఎత్తాడు. గోపురం మీద గొలుసులు కిర్రుమన్నాయి. స్ఫటికం తిరగసాగింది.

పరుగు. యువరాజును చెరొక పక్కా పట్టుకుని ఇరుకుదారిలోకి దూకారు. నేల మీద రంగులు కదులుతున్నాయి. ఊదా వాళ్ల పాదాల కింద నీలమైంది, నీలం పచ్చబడింది. ఎరుపు వైపు బండ దగ్గరి కనపడని నిప్పు వాళ్ల వైపుకు జరుగుతూ వస్తోంది. దాని దారిలో ఎండుగడ్డి పొగలేకుండా నల్లబడుతోంది. తిప్పన తడి గొంగడిని తమకూ దానికీ మధ్య తెరలా పట్టి పరుగెత్తాడు. గొంగడి ఆవిరి కక్కింది, ఎండింది, మాడు వాసన కొట్టింది. తరుముతున్న మాంత్రికుడి మనుషులు ఎరుపులోకి వచ్చి, అక్కణ్ణించి అవతలికి అడుగు వేసి, అరుస్తూ వెనక్కి పడ్డారు. దారి చివర బండ మలుపు తిరిగేసరికి తిప్పన చేతిలో గొంగడి అంచు ఒక్కటే మిగిలింది.

కనుమ పైన గురవడు ఒంటిచేత్తో గుర్రాలను విప్పుతున్నాడు. యువరాజును చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, "గాజులు అమ్ముడుపోలేదు గానీ బేరం బాగానే తగిలిందే," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు అతనూ వాళ్లు చూస్తున్న వైపు చూశాడు.

ఇవతల వాన ఆగిపోయింది. మంజిష్ఠ రాజ్యం మీద మబ్బులు చిరిగి దక్షిణానికి జరుగుతున్నాయి. వాటి వెనక కడిగిన ఆకాశం. రేపటి మధ్యాహ్నానికి ఒక్క మబ్బు కూడా ఉండదు.

యువరాజు గుర్రం మీద నిటారుగా కూర్చోలేడు. గురవడికి ఒక చెయ్యి లేనట్టే. వాళ్లను వదిలి నాగాంబిక కదలలేదు. వేగంగా వెళ్లగలిగిన వాడు ఒక్కడే ఉన్నాడు. ఆమె తమ్ముడి భుజాల మీది ఉత్తరీయం తీసి తిప్పన మీదికి విసిరింది.

"నాకు చెప్పావు. నాకు చెప్పి లాభం లేదు. ఆ కళ్లు నావి కావు." తర్వాత ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. అసలైన జెండా అక్కడ ఉంది. "ఇది నీకివ్వను. ఇది లేకపోతే తమ్ముడు లోపలికి రాలేడు."

"నాకు అక్కర్లేదమ్మా," అన్నాడు తిప్పన.

గుర్రం కొండ దిగింది. ఉప్పొంగిన వాగులు ఈదింది. అడవిలో చిరుత ఒకటి కొంతదూరం పక్కనే పరుగెత్తి విసుగొచ్చి ఆగిపోయింది. సరిహద్దు పల్లెలో మొదటి గుర్రం కూలిపోతే, ఎవరిదో గాదె దగ్గర కట్టేసిన గుర్రాన్ని, జీనుకున్న బల్లెంతో సహా, అడక్కుండా విప్పుకున్నాడు. అది దొంగతనమని తోచింది. మరొకప్పుడైతే దాన్ని తలుచుకుని బాధపడేవాడు.

మర్నాడు సూర్యుడు నడినెత్తికి వస్తుండగా కోట కనిపించింది. ఇన్నాళ్ల వానకు కడుక్కుని రాతిగోడలు కొత్తగా కట్టినట్టున్నాయి. బురుజు బురుజునా మంజిష్ఠ జెండాలు ఎండకు నిప్పులు కురుస్తున్నాయి. ద్వారం పైనున్న అరుగు మీద జనం కిక్కిరిసి ఉన్నారు. తెల్లగొడుగు కింద రాజు. పక్కన నిప్పుల కుంపటి, అందులో రెండు ఇనుపకడ్డీలు. కుంపటి ముందు పీటకు కట్టేసి, ముఖం సూర్యుడి వైపు తిప్పి, భీమరాజును కూర్చోబెట్టారు. ఆ ముసలాయన కళ్లు చిట్లించకుండా ఎండను చూస్తున్నాడు.

తిప్పన గుర్రాన్ని మూసిన తలుపుల ముందుకు ఉరికించి తన పేరు చెప్పి అరిచాడు. యువరాజు దొరికాడన్నాడు. తప్పు తనదన్నాడు. గోడ మీద విలుకాడొకడు వంగి చూసి, "నిన్న కూడా ఒక తిప్పన వచ్చాడు. వాడు ఇంతకన్నా బాగా ఏడ్చాడు," అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. కాచకేతుడు పంపే ముఖాలతో, గొంతులతో వాళ్లు విసిగిపోయి ఉన్నారు. ఈ కోట ముందు మనిషి మాటకు విలువ లేదు.

తిప్పన అరవడం మానేశాడు. ఉత్తరీయాన్ని బల్లెం కర్రకు కట్టి పైకెత్తాడు.

భీమరాజు స్థానంలో నిలబెట్టిన కొత్త ద్వారపాలకుడు వయసులో ఉన్నవాడు. కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకు వంగాడు. ఈ వేళ ఈ పీట మీద ఎవరు ఎందుకు కూర్చున్నారో తెలిసినవాడు కనుక తొందరపడలేదు. ఆ ఎరుపును జాగ్రత్తగా చూశాడు. పక్కన ఎగురుతున్న జెండాను చూశాడు. మళ్లీ ఆ ఎరుపును చూశాడు.

"మన ఎరుపు కాదు," అని కేక వేశాడు. "ఊదా ఉంది."

అవే మాటలు, అదే చోటినుంచి అరుగు మీద అందరూ ఒకసారి విన్నారు. పీట మీది భీమరాజు సూర్యుడి మీదనుంచి చూపు తిప్పి కిందికి చూశాడు.

"ఆ అంచు మీద హంసలున్నాయి మహారాజా. ఎవరి చేతికుట్టో చూడండి," అన్నాడు.

రాజు గొడుగు కిందనుంచి లేచి ఎండలోకి వచ్చి, మహారాణి కుట్టిన హంసలను గుర్తుపట్టాడు. కుంపటి దగ్గరివాడు కడ్డీ తీయబోయిన చేతిని ఆపాడు. కానీ పరాయి ఎరుపు ఎత్తినవాడి విషయంలో రాజు ఆజ్ఞ కోసం చూడనక్కరలేదు. యువరాజు పట్టుబడ్డాక పెట్టిన ద్వారం కట్టుబాటు అది. విలుకాళ్లు అప్పటికే వింటినారులు చెవుల దాకా లాగారు.

బల్లెం దించి గుర్రాన్ని వెనక్కి తిప్పితే బాణాలకు అందనంత దూరం పోవచ్చు. తిప్పన గుర్రాన్ని తిప్పాడు, ఉత్తరీయం మీద తన నీడ పడకుండా ఉండేంత మాత్రమే. కర్రను జీనులో గుచ్చి, రెండు చేతులతో గుడ్డ చెంగులు పట్టి, కమిలిన ఆ ఎరుపు అంతా ఎండకు తగిలేలా బారుగా పరిచాడు. గుడ్డ వెనక గోడ కనపడలేదు. గుడ్డలోంచి వచ్చే ఊదా వెలుగు మాత్రం అతని ముఖమంతా పరుచుకుంది.

అవతల మొదటి వింటినారి మోగింది.